డయాలసిస్ చెయ్యి ఉబ్బిందంటే: ఛాతీ లోపలి సిర బ్లాక్‌ని ఎప్పుడు తెరవాలి, ఎప్పుడు వదిలెయ్యాలి

డయాలసిస్ కోసం చేతిలో ధమనినీ సిరనీ కలిపి చేసే ఫిస్టులా మీద వేలు పెడితే జుమ్మని థ్రిల్ (రక్తం పారే అదురు) బాగా తెలుస్తుంది, సూది కూడా ఈజీగానే ఎక్కుతోంది, అయినా చెయ్యి మాత్రం మోచేతి నుంచి భుజం దాకా ఉబ్బిపోయి ఉంటుంది. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం వైపు ఇలాంటి పేషెంటు కనిపిస్తే ఇంట్లోవాళ్ళకి ముందు వచ్చే అనుమానం బోదవ్యాధి, ఎందుకంటే గంజాం, శ్రీకాకుళం తీరంలో అది తరతరాలుగా చూసిన జబ్బు. లేదంటే నీళ్ళు ఎక్కువ తాగేశాడు, ఉప్పు ఆపలేదు అని పేషెంటునే తిట్టడం. కానీ ఒంట్లో నీరు ఎక్కువైతే కాళ్ళు, మొహం, రెండు చేతులూ కూడా ఉబ్బాలి, ఫిస్టులా ఉన్న చెయ్యి ఒక్కటే లావెక్కి రెండోది మామూలుగా ఉందంటే అది డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు) గొడవ కాదు, ఆ చేతి రక్తం గుండెకి తిరిగెళ్ళే దారిలో ఎక్కడో ఇరుకు పడిందని ముందు అనుకోవాలి. ఆ ఇరుకు చాలాసార్లు చేతిలో ఉండదు, కాలర్ బోన్ వెనకాల, ఛాతీ లోపల ఉంటుంది. డాక్టర్లు సెంట్రల్ వెయిన్ స్టెనోసిస్ అనేది దీన్నే, పూర్తిగా మూసుకుపోతే అక్లూజన్ అంటారు.

దారి ఎలా ఉంటుందో ఒకసారి చూస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. చేతిలో రక్తం చంక దాటాక కాలర్ బోన్ కిందుగా సబ్‌క్లేవియన్ అనే సిరలోకి వెళ్తుంది, మెడ నుంచి దిగే జుగులర్ దాంతో కలిస్తే బ్రాకియోసెఫాలిక్ అవుతుంది, కుడివైపుదీ ఎడమవైపుదీ కలిసి సుపీరియర్ వీనా కావా, అక్కడినుంచి గుండె. మామూలుగా చేతికి నిమిషానికి 100 మిల్లీలీటర్లు అటూ ఇటూగా రక్తం వెళ్తుంది, ఫిస్టులా చేశాక అదే 600 నుంచి 1000, కొందరికి ఇంకా ఎక్కువే పారుతుంది. వంశధార కాలువలోకి పైన నీళ్ళు పూర్తిగా వదిలేసి కింద షట్టరు సగం దించితే ఏమవుతుంది, గట్లు తెగి పక్క పొలాల్లోకి పడతాయి కదా, ఇక్కడా అదే. సిర చాలా ఏళ్ళ నుంచి సన్నగానే ఉండుంటుంది, కానీ ఆ చేతికి ఫిస్టులా పెట్టేదాకా ఎవరికీ తెలీదు, పెట్టిన కొన్ని వారాలకో నెలలకో చెయ్యి ఉబ్బడం, భుజం మీద, రొమ్ము పైన నీలంగా వల అల్లినట్టు చిన్న చిన్న సిరలు తేలడం మొదలవుతుంది. ఆ తేలిన సిరలు రక్తం వెతుక్కున్న పక్కదారులు, అవి ఎంత బాగా తెరుచుకుంటే వాపు అంత తక్కువ ఉంటుంది, అందుకే బ్లాక్ ఒకేలా ఉన్న ఇద్దరిలో ఒకరికి చెయ్యి స్తంభంలా అయిపోతే ఇంకొకరికి ఏమీ తెలీదు.

మరి అసలు ఇరుకు ఎందుకు పడుతుంది అంటే, ఎక్కువ కేసుల్లో సమాధానం పాత కేథటరే. మెడలోనో భుజం కిందో పెట్టిన ప్లాస్టిక్ గొట్టం గుండె కొట్టుకున్నప్పుడల్లా, ఊపిరి తీసినప్పుడల్లా సిర లోపలి గోడకి రాసుకుంటూ ఉంటుంది, లోపలి పొర దెబ్బతిని అక్కడ రక్తం గడ్డలు అంటుకుంటాయి, తర్వాత కండర కణాలు పెరిగి గోడ మందమవుతుంది. దానికి తోడు డయాలసిస్ జరిగేటప్పుడు వేగంగా వచ్చే రక్తం సుడులు తిరుగుతుంది, మధ్యలో కేథటర్‌కి ఇన్ఫెక్షన్ వచ్చిందంటే ఇంకా త్వరగా పాడవుతుంది. ఎక్కడ పెట్టారు అన్నది చాలా తేడా చేస్తుంది. 1991లో వచ్చిన ఒక స్టడీలో సబ్‌క్లేవియన్ కేథటర్ పెట్టిన 50 మందినీ, జుగులర్‌లో పెట్టిన 50 మందినీ యాంజియో (సిరల్లోకి డై ఎక్కించి తీసే ఎక్స్‌రే) చేసి చూస్తే మొదటి గుంపులో 42 శాతం మందికి సిర ఇరుకైంది, రెండో గుంపులో 10 శాతానికే. అప్పటి నుంచీ సబ్‌క్లేవియన్ వద్దు, కుడి జుగులర్ మంచిది అని పుస్తకాలన్నీ చెప్తూనే ఉన్నాయి. కుడివైపే ఎందుకంటే అక్కడినుంచి గుండెకి దాదాపు తిన్నగా దిగుతుంది, ఎడమవైపు నుంచి అయితే గొట్టం పొడుగూ ఎక్కువ, మధ్యలో వంపులు తిరగాలి, ప్రతి వంపు దగ్గరా గోడకి ఒరుసుకుంటుంది. పేస్‌మేకర్ వైర్లు ఉన్నవాళ్ళకీ, చేతి నుంచి లోపలికి పంపే పిక్ లైన్ పెట్టినవాళ్ళకీ కూడా ఇదే రిస్కు. అసలు కేథటరే పెట్టనివాళ్ళలో కూడా కొందరికి వస్తుంది, కాలర్ బోన్‌కీ మొదటి పక్కటెముకకీ మధ్య నలిగి ఒకరికి, ఛాతీ ఎముక వెనకాల పెద్ద ధమని ఒత్తి ఎడమవైపు సిర సన్నబడి ఇంకొకరికి, కానీ అవి తక్కువ.

ఇక్కడ మన ఆంధ్రా-ఒడిశా బోర్డర్ సంగతి కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, పలాస వైపు ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి తెలియనివాళ్ళు ఉండరు, బరంపురం నుంచి ఇచ్ఛాపురం ఎంతో దూరం కాదు, పర్లాకిమిడి దాటితే పాతపట్నమే, చుట్టాలు రెండువైపులా, ఆస్పత్రులు కూడా రెండువైపులా. ఉద్దానంలో కనిపించే రకం జబ్బు చాలామందిలో చప్పుడు లేకుండా వస్తుంది, బీపీ పెద్దగా ఉండదు, షుగర్ ఉండదు, కాళ్ళ వాపు కూడా ముదిరేదాకా కనిపించదు, పొలం పనో జీడి పనో చేసుకుంటూనే ఉంటారు. ఒకరోజు వాంతులు, ఆయాసం అని వెళ్తే క్రియాటినిన్ ఎప్పుడో చేయి దాటిపోయి ఉంటుంది, అప్పుడు ఫిస్టులా చేసి అది తయారయ్యేదాకా ఆగే టైం లేదు, ఆ రాత్రికే మెడలో లైను, అంటే కేథటర్ పెట్టి డయాలసిస్ మొదలెట్టాలి. ఫిస్టులా వాడకానికి రావాలంటే కనీసం ఆరు వారాలు, చాలామందికి రెండు మూడు నెలలు. ఈలోపు ఆ టెంపరరీ లైను ఊడుతుంది, ఇన్ఫెక్షన్ అవుతుంది, ఇంకోవైపు పెడతారు, తర్వాత పెర్మ్‌క్యాత్ (ఎక్కువ కాలం ఉంచే కేథటర్) అంటారు. ఇవన్నీ ఒకే ఆస్పత్రిలో జరిగితే ఒక ఫైలు ఉంటుంది. మొదటి లైను బరంపురంలో, రెండోది శ్రీకాకుళంలో, ఫిస్టులా విశాఖలో, డయాలసిస్ మళ్ళీ ఊరి దగ్గర అంటే ఒకచోట కాయితాలు ఒడియాలో ఇంగ్లీషులో, ఇంకోచోట తెలుగులో, మధ్యలో ఒకటి రెండు డిశ్చార్జి సమ్మరీలు ఎక్కడో పోయి ఉంటాయి. ఫిస్టులా చేసే సర్జన్‌కి ఏ వైపు ఎన్ని లైన్లు పెట్టారో చెప్పేవాళ్ళు లేకపోతే, ఆయన చెయ్యి సిరలు డాప్లర్‌లో (రక్తం పారడం చూపించే అల్ట్రాసౌండ్) చూసి బాగున్నాయనుకుని అదే వైపు చేసేస్తాడు, లోపల షట్టరు దిగి ఉందని ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది. చెయ్యి వాపు వచ్చాక పడే ఖర్చులో సగం ఈ ఒక్క కాయితం లేకపోవడం వల్లే అనిపిస్తుంది, ఇది అతిశయోక్తి అనుకున్నా పర్లేదు. ఏ తేదీన ఏ వైపు ఏ సిరలో ఏ లైను పెట్టారు, ఎప్పుడు తీశారు, ఇన్ఫెక్షన్ అయిందా, ఇంత రాసి ఫోన్‌లో ఒక ఫొటో పెట్టుకుంటే చాలు, ఏ భాషలో రాసినా పర్లేదు.

గుర్తులు ఎలా పట్టుకోవాలి అంటే పెద్ద మిషన్లేమీ అక్కర్లేదు. ఆడవాళ్ళకి ముందు తెలిసేది గాజులు బిగిసిపోవడం, జాకెట్టు చెయ్యి పట్టకపోవడం. డయాలసిస్ టెక్నీషియన్‌కి ముందు తెలిసేది మిషన్ మీద వీనస్ ప్రెషర్, అంటే రక్తం తిరిగి ఒంట్లోకి వెళ్ళేటప్పుడు పడే ఒత్తిడి. అయితే ఒక్కరోజు నంబరు చూసి కంగారు పడక్కర్లేదు, సూది కొంచెం గోడకి తగిలినా ప్రెషర్ పెరుగుతుంది, అదే సైజు సూది, అదే పంపు స్పీడు పెట్టినా వారం వారం పైకి ఎక్కుతూనే పోతుంటే అప్పుడు ఆలోచించాలి. ఇంకోటి రక్తం ఆగకపోవడం, "సూది తీసేక రగతం ఆగట్లేదు బావూ, దూది మీద దూది మారుస్తన్నాం" అని పేషెంటు రెండు మూడు సిట్టింగులు వరసగా అన్నారంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ డోసు ఒక్కటే చూసి వదిలెయ్యకూడదు, మామూలుగా పది నిమిషాల్లో ఆగాల్సింది ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతోందంటే వెనకాల ప్రెషర్ ఉన్నట్టే.

చెయ్యి ఎత్తి చూసే పరీక్ష మంచం మీదే అయిపోతుంది. పేషెంటుని పడుకోబెట్టి ఫిస్టులా చెయ్యిని గుండె కంటే పైకి ఎత్తాలి, దారి బాగుంటే ఉబ్బి ఉన్న సిర కొంచెమైనా కుంగి మెత్తబడుతుంది, ముందుకి బ్లాక్ ఉంటే ఎత్తినా కూడా తాడులా గట్టిగా అలాగే ఉంటుంది, వేలు పెడితే థ్రిల్ బదులు నాడిలా టక్ టక్‌మని కొడుతుంది. ఇది బ్లాక్ ముందుకి ఉందని చెప్తుంది తప్ప చేతిలోనా ఛాతీలోనా అని చెప్పదు. చెయ్యి మొత్తం వాచి ఛాతీ మీద సిరలు కూడా తేలితే ఛాతీ లోపలే అని దాదాపు ఖాయం. డాప్లర్ స్కాన్ ఇక్కడ అంతగా ఉపయోగపడదు, కాలర్ బోన్, ఛాతీ ఎముక అడ్డం వస్తాయి, డాప్లర్ నార్మల్ అని రిపోర్టు వచ్చినంత మాత్రాన బ్లాక్ లేదని కాదు. తేల్చేది వీనోగ్రామ్, అంటే డై ఎక్కించి ఎక్స్‌రే కింద చూడటం, అవసరమైతే అదే సిట్టింగ్‌లో బెలూన్ కూడా వేసెయ్యొచ్చు, అంటే ఇరుకు దగ్గరికి చిన్న బెలూన్ పంపి ఉబ్బించి సిరని వెడల్పు చెయ్యడం. ముందు ప్లాన్ కోసం సీటీ వీనోగ్రామ్ కూడా చేస్తారు. ఇంకా మూత్రం వస్తున్నవాళ్ళయితే ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి, ఎందుకంటే మిగిలిన ఆ కాస్త కిడ్నీ పనిని డై దెబ్బతీసే వీలుంది. ఎమ్మారై అన్నారంటే గడోలినియం డై గురించి అడగాలి, పాత రకాలవి డయాలసిస్ పేషెంట్లలో చర్మం, అవయవాలు గట్టిపడిపోయే జబ్బు తెచ్చాయి.

ఇప్పుడు అసలు తగువు దగ్గరికి వద్దాం. వీనోగ్రామ్‌లో 60 శాతం బ్లాక్ అని వచ్చింది, చెయ్యి వాపు లేదు, డయాలసిస్ బాగా అవుతోంది, బెలూన్ వెయ్యాలా? చాలామంది ఇళ్ళల్లో "ఉంది కదా, తీయించేద్దాం" అంటారు, గుండె బ్లాకుల లెక్కలోనే దీన్నీ చూస్తారు. ఇక్కడ మాత్రం శాతం చూసి పరిగెత్తకూడదు, లక్షణం చూసి నడవాలి. 2006లో వచ్చిన ఒక స్టడీలో 50 శాతం పైగా సన్నబడినా లక్షణాల్లేని పేషెంట్లని చూస్తే, ముట్టుకోకుండా వదిలేసినవి వాపు దాకా రాలేదు, బెలూన్ వేసినవాటిలోనేమో కొన్ని అంతకుముందు కంటే వేగంగా బిగుసుకున్నాయి. బెలూన్ అంటే సిర గోడని బలవంతంగా సాగదీసి చీల్చడమే కదా, ఆ గాయం మానేటప్పుడు మళ్ళీ కణాలు పెరుగుతాయి. అమెరికా కిడ్నీ డాక్టర్ల 2019 గైడ్‌లైన్స్ కూడా లక్షణాలు లేని సెంట్రల్ బ్లాక్‌ని కదపొద్దనే చెప్తున్నాయి. కాబట్టి ఏదో వేరే పని మీద వీనోగ్రామ్ చేస్తే అనుకోకుండా కనిపించిన బ్లాక్‌కి వెంటనే బెలూన్ అని ఎవరైనా అంటే, నాకు లక్షణం ఏముంది అని అడగడంలో తప్పేం లేదు.

చెయ్యి బాగా వాచి నొప్పి పుడుతున్నా, డయాలసిస్ సరిగ్గా జరగకపోతున్నా, మొహం వాస్తున్నా అప్పుడు బెలూనే మొదటి మెట్టు. చేతి ఫిస్టులాలో వాడేదాని కంటే పెద్దది, 12, 14 మిల్లీమీటర్లది, హై ప్రెషర్‌ది వాడతారు, ఉబ్బించిన ఆ కాసేపు ఛాతీలో గట్టిగా నొప్పి వస్తుంది, ముందే చెప్తే పేషెంటు భయపడడు, చాలామందికి ఎవరూ చెప్పరు. పని అయ్యాక వాపు ఒకటి రెండు రోజుల్లోనే తగ్గడం మొదలవుతుంది, అప్పటిదాకా చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టుకోవాలి. ఆనందం అక్కడిదాకా బాగానే ఉంటుంది. తర్వాత నిజం ఏంటంటే ఏడాది తిరిగేసరికి సగం మందికి పైగా మళ్ళీ ఇరుకు పడుతుంది, కొందరికి మూడు నాలుగు నెలలకే. కాబట్టి బెలూన్‌ని ఒకసారి చేయించుకుని మర్చిపోయే ఆపరేషన్‌లా అనుకోకూడదు, అవసరమైనప్పుడల్లా చేయించుకుంటూ ఫిస్టులా ఆయుష్షు పెంచుకోవడం అన్నమాట. ఈ మాట మొదటి రోజే చెప్తే రెండోసారి బ్లాక్ వచ్చినప్పుడు "ఆ డాక్టర్ సరిగ్గా చెయ్యలేదు" అనే గొడవ ఉండదు.

డబ్బు లెక్క కూడా ఆ రోజే వేసుకోవాలి. 2016లో కేంద్రం జాతీయ డయాలసిస్ ప్రోగ్రామ్ ప్రకటించాక జిల్లా ఆస్పత్రుల్లో ఫ్రీ సిట్టింగులు దొరుకుతున్నాయి, కానీ సిట్టింగ్ ఫ్రీ అంటే బెలూన్ కూడా ఫ్రీ అని కాదు, అది వేరే ప్యాకేజీ, స్టెంట్ (సిర మళ్ళీ మూసుకోకుండా లోపల వదిలే జాలీ గొట్టం) ఇంకో అప్రూవల్. పైగా ఒడిశా ఆరోగ్య పథకం కార్డు ఉన్నవాళ్ళు ఆంధ్రాలో చేయించుకోవాలన్నా, ఆంధ్రా కార్డు ఉన్నవాళ్ళు ఒడిశాలో చేయించుకోవాలన్నా ముందు ఆస్పత్రి హెల్ప్‌డెస్క్‌లో ఆ ప్రొసీజర్ పేరు చెప్పి మరీ అడగాలి. 2025లో ఒడిశా ఆయుష్మాన్ భారత్‌లో చేరింది కాబట్టి లిస్టులో ఉన్న వేరే రాష్ట్రం ఆస్పత్రుల్లో వాడుకునే దారి తెరుచుకుంది, అయినా అడక్కుండా బండి ఎక్కొద్దు, బరంపురం నుంచి భువనేశ్వర్ 170 కిలోమీటర్ల దాకా, విశాఖ 260 దాకా ఉంటుంది, వెళ్ళాక కుదరదంటే మర్నాటి డయాలసిస్ సిట్టింగ్ కూడా పోతుంది.

స్టెంట్ విషయంలో కొంచెం ఆగి ఆలోచించాలి. బెలూన్ తీయగానే రబ్బరులా సిర మళ్ళీ మూసుకుపోతున్నా, మూడు నెలల్లోపే తిరిగొస్తున్నా స్టెంట్ పెట్టడానికి కారణం ఉంది. పైన గుడ్డలాంటి పొర కప్పిన స్టెంట్లు మామూలు వాటి కంటే కొంచెం ఎక్కువ కాలం తెరిచి ఉంటున్నాయని చెప్తారు. కానీ ఒకసారి పెడితే తీయలేం, దాని లోపల కూడా కండ పెరుగుతుంది, మళ్ళీ బెలూన్ వెయ్యక తప్పదు. కాలర్ బోన్, పక్కటెముక మధ్య నలిగేచోట పెడితే చెయ్యి ఆడించినప్పుడల్లా వంగి వంగి విరిగే ప్రమాదం ఉంది. ఇంకా ముఖ్యమైంది, స్టెంట్ కొంచెం ముందుకి జరిగినా జుగులర్ నోరో, అవతలి వైపు నుంచి వచ్చే సిర నోరో మూసేస్తుంది, అంటే రేపు అవసరపడే దారిని ఇవాళే మూసుకున్నట్టు. డయాలసిస్ పేషెంటుకి సిరలే ఆస్తి, నలభై ఏళ్ళ మనిషికి ఇంకా ఎన్నేళ్ళు కావాలో తెలీదు. స్టెంట్ పెట్టేముందు "ఇది పెడితే ఏ దారి మూసుకుపోతుంది సార్" అన్న ఒక్క ప్రశ్న అడిగితే మంచి డాక్టర్ కోపం తెచ్చుకోడు, స్క్రీన్ మీద చూపిస్తాడు.

పూర్తిగా మూసుకుపోయిన సిరలోంచి వైరు పోకపోతే సూది మొన లాంటి పరికరంతో పొడుచుకుంటూ వెళ్ళే పద్ధతులున్నాయి, చేసే చేతులకి బాగా అలవాటుంటేనే అది, ఎందుకంటే దారి తప్పితే రక్తం గుండె చుట్టూ పొరలోకో ఊపిరితిత్తి పక్కకో కారుతుంది. అన్ని కేసులూ తెరవక్కర్లేదు కూడా. ఫిస్టులాలో రక్తం మరీ ఎక్కువ పారుతుంటే, అంటే నిమిషానికి లీటరున్నర రెండు లీటర్లు, దాన్ని కొంచెం బిగించి ఫ్లో తగ్గిస్తే బ్లాక్ అలాగే ఉన్నా వాపు దిగిపోతుంది, డయాలసిస్ కూడా ఆగదు. ఈ ఉపాయం పేషెంట్ల వరకూ చాలా తక్కువగా వస్తుంది, ఎందుకో బెలూన్ కంటే ముందు దీని ఊసే ఎత్తరు. ఫిస్టులాని పూర్తిగా కట్టేస్తే వాపు మామూలుగా పోతుంది, కానీ దారి కూడా పోయింది, మళ్ళీ మెడలో లైను, ఆ లైను మళ్ళీ ఇంకో బ్లాక్‌కి బీజం. అందుకే కట్టెయ్యడం చివర్లో ఆలోచించాల్సిన సంగతి, పుండ్లు పడి చెయ్యి పాడవుతుంటేనో, తెరిచే దారి ఏదీ లేకపోతేనో.

వాపు మెల్లగా పెరిగితే వారం పది రోజుల్లో అపాయింట్‌మెంట్ తీసుకోవచ్చు, కానీ పొద్దున్న లేచేసరికి మొహం, మెడ ఉబ్బి, వంగితే తల బరువెక్కి, పడుకుంటే ఊపిరాడకపోతే అది వీనా కావా బ్లాక్ కావొచ్చు, గొంతు మారినా, ఊపిరి తీస్తే గుర్రుమన్నా ఆగకుండా అదే రోజు క్యాత్ ల్యాబ్ (ఎక్స్‌రే చూస్తూ బెలూన్, స్టెంట్ వేసే గది) ఉన్న ఆస్పత్రికి వెళ్ళాలి. కేథటర్ ఉన్నవాళ్ళలో చలి జ్వరంతో పాటు ఈ వాపు వస్తే ఇన్ఫెక్షన్ పట్టిన గడ్డ అయ్యుండొచ్చు, అదీ అంతే అర్జెంటు.

ఇంకా డయాలసిస్ దాకా రాని, కిడ్నీ పని సగానికి పైగా పోయిందని తెలిసినవాళ్ళకి ఇదంతా తప్పించుకునే అవకాశం ఉంది. ఎడమచేతి వాటం కాకపోతే ఎడమ చెయ్యి మోచేతి దగ్గరా, ముంజేతి మీదా సెలైన్ సూది, రక్తం తీయడం ఏదీ వద్దు, కావాలంటే అరచేతి వెనకాల తీసుకోమనాలి. ఫిస్టులా ముందుగానే చేయించుకోవాలి. తప్పక లైను పెట్టాల్సొస్తే కుడి జుగులర్, అల్ట్రాసౌండ్ చూసుకుంటూ, టెంపరరీది రెండు వారాలు దాటకుండా, ఫిస్టులా ఏ చేతికి అనుకుంటున్నారో ఆ వైపు కాకుండా.

రెండు వైపులా ఛాతీ సిరలు మూసుకుపోయినవాళ్ళకి తొడలో గ్రాఫ్ట్ (ఫిస్టులా బదులు పెట్టే కృత్రిమ గొట్టం) గానీ తొడ సిరలో పెర్మ్‌క్యాత్ గానీ పెడతారు, అయితే ట్రాన్స్‌ప్లాంట్ లిస్టులో ఉన్నా, చేయించుకునే ఆలోచన ఉన్నా ఆ మాట గట్టిగా చెప్పాలి, కొత్త కిడ్నీని కలిపేది పొత్తికడుపు కింద ఆ పక్కనున్న సిరకే, అది కూడా ఇరుకైతే సర్జన్‌కి చోటు ఉండదు. పొట్టలో గొట్టంతో ఇంట్లోనే చేసుకునే పీడీ డయాలసిస్‌కి అసలు సిరలతో పనే లేదు, శుభ్రంగా ఉండే ఒక గది, బ్యాగులు వేళకి ఇంటికి చేరే ఏర్పాటు ఉంటే చాలామందికి కుదురుతుంది. గుణుపురం అవతల కొండల్లోంచి వారానికి మూడుసార్లు జీపులో కిందికి దిగాల్సిన మనిషికి సిరలన్నీ అయిపోయాక దీని గురించి చెప్పడం కంటే మొదటి లైను పెట్టిన రోజే అడిగి చూడొచ్చు.